రగ్బీ యూనియన్ పాలనలో కేంద్రీకరణ: ఆస్ట్రేలియా ప్రయత్నం, ఐర్లండ్ నమూనా

సారాంశం

ఒక దేశంలోని క్రీడావ్యవస్థను కేంద్రసంస్థ నేరుగా నడపాలా, ప్రాంతీయ సంఘాలు స్వతంత్రంగా నడుపుకోవాలా అన్న ప్రశ్న రగ్బీ యూనియన్ ఆడే దేశాలన్నింటిలో మూడు దశాబ్దాలుగా నలుగుతున్నది. ఐర్లండ్‌లో కేంద్రీకృత వ్యవస్థ ఫలించింది. దానిని ఆదర్శంగా చూపుతూ ఆస్ట్రేలియా 2023లో అదే బాట పట్టింది, సగం దూరంలోనే ఆగింది. ఒకే నమూనా రెండుచోట్ల రెండు విధాలుగా ఎందుకు పరిణమించిందో ఆ సంస్థల పుట్టుక, ఆస్తిహక్కు, ఓటుహక్కుల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముఖ్యపదాలు: రగ్బీ యూనియన్, కేంద్రీకరణ, సమాఖ్య, సభ్యసంఘం, శాఖ, కేంద్ర ఒప్పందం.

1. ప్రవేశిక

2023 ప్రపంచకప్‌లో సెప్టెంబరు 17న ఆస్ట్రేలియా ఫిజీ చేతిలో 15–22 తేడాతో ఓడింది. వారం తరువాత లియాన్ నగరంలో వేల్స్ చేతిలో 6–40తో చిత్తయింది. 1991, 1999 సంవత్సరాలలో ప్రపంచవిజేతగా నిలిచిన జట్టు తొలిదశ దాటలేకపోవడం ఆ పోటీల చరిత్రలో అదే మొదటిసారి. అయితే ఆ ఓటమికి ముందే దేశంలోని ఐదు వృత్తిజట్ల నిర్వహణను తన చేతుల్లోకి తీసుకోవాలని జాతీయసంస్థ ‘రగ్బీ ఆస్ట్రేలియా’ ప్రతిపాదించి ఉన్నది. ఓటమి ఆ ప్రతిపాదనకు అత్యవసరాన్ని చేకూర్చింది. ప్రతిపాదించినవారి విశ్వసనీయతను మాత్రం అదే దెబ్బతీసింది.

ముందుగా ఒక మాట. ‘యూనియన్’ అనగానే తెలుగు పాఠకునికి కార్మికసంఘం స్ఫురించడం సహజం. ఇక్కడ ఆ పదానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి క్లబ్బులు కలిసి ఏర్పరచుకొన్న పాలకసంఘం. రెండోది జట్టుకు పదిహేనుమంది చొప్పున ఆడే క్రీడ పేరు. 1895లో ఇంగ్లండ్ ఉత్తరప్రాంతపు క్లబ్బులు, ఆటకోసం పని మానుకొన్న శ్రామికులకు కూలినష్టం చెల్లించాలని కోరి, కాదనిపించుకొని విడిపోయాయి. వాటినుంచి పుట్టినదే పదమూడుమంది ఆడే ‘రగ్బీ లీగ్’. డబ్బు పుచ్చుకోరాదన్న నియమాన్ని యూనియన్ పక్షం మరో వందేళ్లు పట్టుకొని కూర్చున్నది. 1995 ఆగస్టులో ఆ నియమం రద్దయ్యేవరకు ఆటగాడికి జీతం లేదు, ఒప్పందం లేదు, యజమాని లేడు. ఆటగాడికి యజమాని ఎవరు అన్న ప్రశ్న అప్పుడే మొదలైంది. కేంద్రీకరణ వివాదమంతా ఆ ప్రశ్నకు కొనసాగింపే.

2. కేంద్రీకరణ అంటే ఏమిటి?

ఈ పదాన్ని పత్రికలు ఒకే అర్థంలో వాడుతున్నా, దానిలో కనీసం నాలుగు పొరలున్నాయి. ఆటగాళ్ల ఒప్పందాలు ఎవరు రాస్తారన్నది మొదటిది. శిక్షకుల నియామకం, వైద్యం, శరీరదారుఢ్యం వంటి సాంకేతిక వ్యవహారాలు రెండవది. ప్రకటనకర్తలు, టికెట్లు, ప్రసారహక్కుల ఆదాయం మూడవది. జట్టు పేరు, చిహ్నం, పోటీల్లో పాల్గొనే అనుమతిపత్రం, అంటే స్థూలంగా జట్టు అనే ఆస్తి, నాలుగవది. మొదటి రెండింటిని కేంద్రానికి అప్పగించడానికి ప్రాంతీయ సంఘాలు సాధారణంగా పెద్దగా అభ్యంతరం చెప్పవు. పేచీ వచ్చేది చివరి రెండింటి దగ్గర. ఆస్ట్రేలియాలో జరిగినదంతా ఈ విభజనను గుర్తుంచుకొంటేనే అర్థమవుతుంది.

కేంద్రీకరణ కోరేవారి వాదంలో బలముంది. రగ్బీలో ఆదాయాన్ని ప్రధానంగా తెచ్చిపెట్టేవి జాతీయజట్టు ఆడే అంతర్జాతీయ పోటీలు, వాటి ప్రసారహక్కులు. ఖర్చును పెంచేవి ప్రాంతీయజట్లు. సంపాదించేవారు ఒకరు, ఖర్చుపెట్టేవారు ఇంకొకరు అయినప్పుడు లెక్క తప్పడం ఇంటిలోనైనా సంస్థలోనైనా ఒకటే. పైగా ఆట చాలా కఠినమైనది. ఒక ఆటగాడు ఏడాదికి ఎన్ని పోటీలు ఆడాలో నిర్ణయించే అధికారం ప్రాంతీయజట్టుకే ఉంటే, అతడు జాతీయజట్టుకు చేరేసరికి అలసిపోయి ఉంటాడు.

3. ఐర్లండ్: శాఖలు కలిగిన వృక్షం

ఐరిష్ రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ 1879లో ఏర్పడింది. అంతకుముందు డబ్లిన్ కేంద్రంగా ఒక సంఘం, బెల్‌ఫాస్ట్ కేంద్రంగా మరొక సంఘం ఉండేవి. అవి రెండూ కలిసిపోయి ఒకటయ్యాయి. దాని కింద లెన్‌స్టర్, మన్‌స్టర్, అల్‌స్టర్, కనాక్ట్ అనే నాలుగు ప్రాంతాలకు నాలుగు విభాగాలు. 1921లో ఐర్లండ్ రాజకీయంగా రెండైనా రగ్బీసంఘం చీలలేదు. నేటికీ రెండు రాజ్యాల ఆటగాళ్లు ఒకే జట్టుగా ఆడుతున్నారు.

ఈ నాలుగు విభాగాలను సంఘం నిబంధనావళి ‘శాఖ’ అన్న అర్థమిచ్చే మాటతోనే పిలుస్తుంది. చూడటానికి ఇది చిన్న భాషావిశేషం. కాని శాఖ అన్నప్పుడు మూలం ఒకటి ముందే ఉన్నట్టు. ఆస్ట్రేలియా రాష్ట్రసంఘాలు శాఖలు కావు, ‘సభ్యులు’. సభ్యులు కలిస్తేనే సంఘం. పదాలలోని ఈ తేడా అధికారంలోనూ ఉన్నది.

1995లో వృత్తిక్రీడ వచ్చినప్పుడు ఐర్లండ్‌లో జనాదరణ ఉన్నవి క్లబ్బులు. ఇంగ్లండ్‌లో, ఫ్రాన్స్‌లో ధనవంతులు క్లబ్బులను కొని ఆటగాళ్లకు జీతాలిచ్చారు. ఆ దారిన పోతే ఆటగాళ్లంతా ఇంగ్లండ్ చేరతారని ఐరిష్ సంఘం గ్రహించి, అప్పటివరకు ఏడాదికి కొద్ది పోటీలు మాత్రమే ఆడే ప్రాంతీయజట్లను వృత్తిజట్లుగా మార్చింది. అంటే ఆ వృత్తిజట్లను స్వయంగా సంఘమే పుట్టించింది. ఎవరి చేతినుంచీ లాక్కోలేదు. ఈ వ్యత్యాసాన్ని ఆస్ట్రేలియా చర్చలలో ఎక్కువమంది గమనించినట్టు లేదు.

ఆచరణలో వ్యవస్థ ఇలా నడుస్తుంది. అగ్రశ్రేణి ఆటగాళ్లకు జాతీయసంఘమే జీతం ఇస్తుంది. వారు తమ ప్రాంతానికి ఆడతారు కాని ఎన్ని పోటీలు ఆడాలో, ఎప్పుడు విశ్రాంతి తీసుకోవాలో సంఘం చెబుతుంది. మిగిలినవారికి ప్రాంతం ఒప్పందం రాసినా, ప్రాంతాలకు నిధులిచ్చేది సంఘమే. విదేశీ ఆటగాళ్లను తెచ్చుకోవాలంటే సంఘం అనుమతి కావాలి. ఒక ప్రాంతంలో ఒకే స్థానానికి ఇద్దరు మంచి ఆటగాళ్లుంటే ఒకరిని మరో ప్రాంతానికి వెళ్లమని ప్రోత్సహిస్తారు. దేశంలోనే ఉండి ఆడేవారికే జాతీయజట్టులో చోటన్నది రాయని నియమం. దీనికితోడు ప్రభుత్వం 2002లో తెచ్చిన పన్నురాయితీ ఒకటుంది. ఐర్లండ్‌లోనే ఉండి పదవీవిరమణ చేసిన క్రీడాకారుడు అత్యధికంగా ఆర్జించిన పదేళ్ల ఆదాయంపై కొంత పన్ను తిరిగి పొందవచ్చు. ఐర్లండ్ విజయాన్ని కేవలం పాలనానైపుణ్యంగా వర్ణించేవారు ఈ పన్నుచట్టాన్ని తరచుగా మరచిపోతుంటారు.

ఫలితాలు కాదనలేనివి. అల్‌స్టర్ 1999లో, మన్‌స్టర్ 2006, 2008లలో, లెన్‌స్టర్ 2009, 2011, 2012, 2018లలో ఐరోపా విజేతలు. జాతీయజట్టు 2009, 2018, 2023లలో ఆరుదేశాల పోటీలో అన్ని ఆటలూ గెలిచింది. 2022లో న్యూజిలాండ్‌ను వారి గడ్డమీదే ఓడించి పోటీల వరుసను గెలుచుకొన్నది. ప్రపంచకప్‌లో మాత్రం 2023 వరకు ఒక్కసారైనా క్వార్టర్‌ఫైనల్ దాటలేదు. ఈ వైఫల్యాన్ని కూడా నమూనా లెక్కలో వేయవలసిందే.

కనాక్ట్ ఉదంతం మరింత ముఖ్యమైనది. నాలుగు ప్రాంతాలలో జనసంఖ్యలో, ధనంలో చిన్నదైన కనాక్ట్ వృత్తిజట్టును ఖర్చు తగ్గించేందుకు రద్దుచేయాలని 2003లో సంఘం ఆలోచించింది. అభిమానులు డబ్లిన్ వీధులలో ఊరేగి సంఘం కార్యాలయానికి వెళ్లారు. ప్రతిపాదన వెనక్కి తగ్గింది. పదమూడేళ్ల తరువాత, 2016లో, అదే కనాక్ట్ ఎడిన్‌బరోలో జరిగిన లీగ్ ఫైనల్లో లెన్‌స్టర్‌ను 20–10తో ఓడించి విజేత అయింది. కేంద్రం వివేకవంతమైనదని ఈ కథ నిరూపించదు. కేంద్రం చేతిలో గొడ్డలి ఉన్నప్పుడు దానిని ఆపగలిగినది నిబంధన కాదు, వీధిలోకి వచ్చిన జనం.

ఇటీవలి కాలంలో అక్కడి అసంతృప్తి మరోరకంగా ఉన్నది. డబ్లిన్‌లోని ఖరీదైన ప్రైవేటు పాఠశాలలు ఏటా తయారుచేసే ఆటగాళ్లు లెన్‌స్టర్‌కు చేరతారు. కేంద్ర ఒప్పందాలలో అధికభాగం వారికే దక్కుతుంది. అంటే సంపన్నప్రాంతపు జీతాల భారాన్ని ఉమ్మడి ఖజానా మోస్తున్నట్టు. సమానత్వంకోసం కట్టిన వ్యవస్థలోనే అసమానత పెరుగుతున్నదన్న విమర్శకు సంఘం కొంత తలొగ్గింది. ఆ ఒప్పందాల ఖర్చులో కొంతవాటాను ప్రాంతాలే భరించాలని 2024 చివర్లో నిర్ణయించింది.

4. ఆస్ట్రేలియా: సభ్యుల సంఘం

ఆస్ట్రేలియా కథ తలకిందులుగా మొదలవుతుంది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రసంఘం 1874 నాటిది. జాతీయసంఘం 1949లో గాని ఏర్పడలేదు. మధ్యలో డెబ్బైఐదేళ్లు దేశం తరఫున పర్యటనలను నిర్వహించినది ప్రధానంగా న్యూ సౌత్ వేల్స్ సంఘమే. మొదటి ప్రపంచయుద్ధం తరువాత క్వీన్స్‌లండ్‌లో రగ్బీ యూనియన్ లీగ్ దెబ్బకు దాదాపు పదేళ్లు మూతపడింది. అప్పుడు న్యూ సౌత్ వేల్స్ జట్టే ఆస్ట్రేలియా స్థానంలో ఆడింది. 1927–28లో బ్రిటన్, ఫ్రాన్స్‌లలో పర్యటించిన ఆ రాష్ట్రజట్టు ఆడిన పోటీలకు 1986లో జాతీయ టెస్టుల హోదా ఇచ్చారు. ఒక రాష్ట్రజట్టు ఆటలను అరవైయేళ్ల తరువాత దేశజట్టు ఆటలుగా నమోదుచేసుకొన్న చరిత్ర ఇది. ‘దేశం ముందా, రాష్ట్రం ముందా’ అన్న ప్రశ్నకు అక్కడ భావోద్వేగపు బలం ఎందుకున్నదో దీనినిబట్టి ఊహించవచ్చు.

1996లో మూడుదేశాల సూపర్ 12 పోటీలు మొదలైనప్పుడు ఆస్ట్రేలియానుంచి క్వీన్స్‌లండ్, న్యూ సౌత్ వేల్స్ జట్లతోపాటు రాజధాని కాన్‌బెర్రాకు చెందిన బ్రంబీస్ చేరింది. పెద్ద రాష్ట్రాలు వద్దనుకొన్న ఆటగాళ్లతో నిండిన ఆ మూడవజట్టు 2001, 2004లలో విజేత అయింది. తరువాత 2006లో పెర్త్ నగరానికి వెస్టర్న్ ఫోర్స్, 2011లో మెల్‌బోర్న్‌కు రెబెల్స్ వచ్చాయి. ఆటగాళ్ల సంఖ్య పెరగకుండా జట్ల సంఖ్య పెరిగింది. 2014 తరువాత అంతర్దేశ సూపర్ రగ్బీ కిరీటాన్ని ఏ ఆస్ట్రేలియా జట్టూ గెలవలేదు.

పాలనలో అసలు చిక్కు ఎక్కడున్నదంటే, రగ్బీ ఆస్ట్రేలియా చట్టరీత్యా ఒక కంపెనీ. ఆ కంపెనీ సభ్యులు రాష్ట్రసంఘాలే. ఎవరిని పాలించాలని కేంద్రం కోరుకొంటున్నదో వారే కేంద్రానికి యజమానులు. పూర్వం న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లండ్ ఓట్లు మిగిలినవారికన్న చాలా ఎక్కువగా ఉండేవి. 2012లో మాజీ క్రీడామంత్రి మార్క్ ఆర్బిబ్ సమీక్ష తరువాత ఆ బరువు తగ్గించి, స్వతంత్ర సంచాలకులకు ప్రాధాన్యమిచ్చారు. దీనితో సంచాలకమండలి రాష్ట్రాలనుంచి విడివడింది. కాని మండలిని దించే అధికారం రాష్ట్రాల చేతిలోనే మిగిలింది.

భారతదేశపు పాఠకునికి ఈ చిక్కు కొత్తది కాదు. క్రికెట్ పాలనపై లోధా సంఘం సూచించిన ‘ఒక రాష్ట్రం, ఒక ఓటు’ నియమాన్ని సుప్రీంకోర్టు 2016లో ఆమోదించింది. 2018లో ముంబై, విదర్భ, బరోడా, సౌరాష్ట్ర సంఘాల పూర్తి సభ్యత్వాన్ని అదే కోర్టు పునరుద్ధరించింది. చరిత్రగల సంఘాన్ని భౌగోళికసూత్రం చెరిపివేయలేదన్నది అక్కడి వాదం. తెలుగునేలపైనా 1956లో రాష్ట్రం ఒకటైన తరువాతకూడా ఆంధ్ర, హైదరాబాద్ రంజీ జట్లు వేరువేరుగానే ఆడాయి. క్రీడాసంఘాల సరిహద్దులు రాజకీయ సరిహద్దులకన్న మొండివి.

5. 2023–24: చేజిక్కినది, చేజిక్కనిది

రగ్బీ ఆస్ట్రేలియా ప్రతిపాదన నాలుగు పొరలనూ ఉద్దేశించింది. అప్పులలో ఉన్న న్యూ సౌత్ వేల్స్ ముందుగా ఒప్పుకొని, వారటాస్ జట్టు నిర్వహణను, వ్యాపారవ్యవహారాలను 2024 ఆరంభంనుంచి కేంద్రానికి అప్పగించింది. బ్రంబీస్ ఆటకు సంబంధించిన సమన్వయానికి సుముఖత చూపినా, జట్టు యాజమాన్యాన్ని వదులుకోవడానికి అంగీకరించలేదు. పొదుపుగా నడుపుకొని దేశంలో అత్యంత నిలకడగా గెలుస్తున్న సంస్థను, పొరపాట్లు చేసిన సంస్థకు ఎందుకు అప్పగించాలన్నది వారి ప్రశ్న. క్వీన్స్‌లండ్ సైతం తన జట్టును తనవద్దే ఉంచుకొన్నది.

ఇక్కడ ఒక విపర్యయం కనిపిస్తుంది. కేంద్రీకరణకు తొందరగా ఒప్పుకొనేది బలహీనుడు. అతడు ఇచ్చేది ఆస్తికాదు, అప్పు. బలవంతుడు బయటే ఉంటాడు. అందువల్ల కేంద్రం చేతికి ముందుగా చేరేవి నష్టాలే. వారటాస్ కేంద్రనిర్వహణలో ఆడిన మొదటి ఏడాది, 2024లో, పన్నెండు జట్లలో అట్టడుగున నిలిచింది. కీలకస్థానాలలో గాయాలు ఎక్కువైన మాట నిజమే. ఒక్క ఏడాది ఫలితంతో వ్యవస్థను తూచరాదు. అయినా విమర్శకులకు అది చాలినంత ఆయుధమైంది.

2023 నవంబరులో ఆరు సభ్యసంఘాలు అధ్యక్షుడు హేమిష్ మెక్‌లెన్నన్ తప్పుకోవాలని లేఖ రాశాయి. ఆ ఆరింటిలో న్యూ సౌత్ వేల్స్ లేదు. శిక్షకుడిగా ఎడీ జోన్స్ నియామకం, రగ్బీ లీగ్ తార జోసెఫ్ సువాలీని భారీ మొత్తానికి కొనడం వంటి నిర్ణయాలు ఆ అసంతృప్తికి కారణాలయ్యాయి. రోజుల వ్యవధిలోనే మండలి ఆయనను మార్చి డేనియల్ హెర్బర్ట్‌ను అధ్యక్షునిగా ఎన్నుకొన్నది. సభ్యుల సంఘంలో సభ్యుల మాట ఎంత బరువైనదో దీనితో తేలింది. కేంద్రీకరణ కొనసాగుతుందని కొత్త నాయకత్వం ప్రకటించినా, తరువాత దానిని బలవంతంగా కాక బేరసారాలతో సాగించవలసివచ్చింది. ప్రైవేటు పెట్టుబడిదారులకు వాటా అమ్మే యోచనను విడిచి, 8 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల రుణసదుపాయాన్ని తీసుకొన్నారు. పెట్టుబడిదారునికి వాటా ఇస్తే నిర్ణయాధికారంలో భాగం పోతుంది. అప్పు తీసుకొంటే వడ్డీ పోతుంది. సంస్థ రెండవదానిని ఎంచుకొన్నది.

సువాలీ ఉదాహరణ మరొక దృష్టితో ఆసక్తికరం. అతడు 2024 నవంబరులో లండన్‌లో ఇంగ్లండ్‌పై జాతీయజట్టుకు తొలిసారి ఆడాడు. అప్పటికి వారటాస్‌కు ఒక్క పోటీ కూడా ఆడలేదు. క్లబ్బు, రాష్ట్రం, దేశం అన్న మెట్లవరుస ఇక్కడ తిరగబడింది. ఆటగాణ్ణి దేశమే కొన్నది కాబట్టి మొదట దేశానికే ఆడాడు. కేంద్ర ఒప్పందపు తర్కం ఇంతకన్న స్పష్టంగా కనబడే సందర్భం అరుదు. ఆ రోజు ఆస్ట్రేలియా 42–37తో గెలిచిందని చేర్చడం న్యాయం.

రెబెల్స్ కథ విషాదం. 2 కోట్ల డాలర్లకు మించిన అప్పుతో 2024 జనవరిలో సంస్థ దివాలా నిర్వాహకుల చేతికి వెళ్లింది. ఆ ఏడాదికి ఆటగాళ్ల జీతాలను కేంద్రం చెల్లించింది. మేనెలలో, మరుసటి ఏడాదినుంచి జట్టు ఉండదని ప్రకటించింది. జట్టును కాపాడతామని ముందుకు వచ్చిన వర్గపు ప్రణాళికను ఆర్థికంగా నిలబడదని తిరస్కరించింది. రద్దువార్త విన్న ఆటగాళ్లు వారంరోజుల తరువాత సూపర్ రగ్బీ పసిఫిక్ క్వార్టర్‌ఫైనల్ ఆడి ఓడి వెనుదిరిగారు. వివాదం న్యాయస్థానానికి చేరింది. 2017లో ఇదే రెబెల్స్‌ను కాపాడి వెస్టర్న్ ఫోర్స్‌ను తొలగించారు. కోటీశ్వరుడు ఆండ్రూ ఫారెస్ట్ అండతో ఆ జట్టు బతికి 2020లో తిరిగి వచ్చింది. ఏడేళ్లలో రెండు నగరాలు గొడ్డలిని చూశాయి. కనాక్ట్‌కు దొరికిన గడువు వాటికి దొరకలేదు. రద్దు, ఇతర ఖర్చులు కలిసి 2024లో రగ్బీ ఆస్ట్రేలియా నష్టం 3.68 కోట్ల డాలర్లకు చేరింది.

6. పొరుగు అనుభవాలు

న్యూజిలాండ్‌లో ఆటగాళ్ల ఒప్పందాలు మొదటినుంచీ కేంద్రానివే. అక్కడ తగవు ఓటు దగ్గర వచ్చింది. సంచాలకమండలి పూర్తిగా స్వతంత్రంగా ఉండాలని 2023లో ఒక సమీక్ష సూచించగా, 2024 మేలో ప్రాంతీయసంఘాలు దానిని కాదని, కనీసం ముగ్గురు సంచాలకులకు ప్రాంతీయపాలనలో అనుభవం ఉండాలన్న తమ ప్రతిపాదననే గెలిపించుకొన్నాయి. తమ అధికారాన్ని తగ్గించే తీర్మానానికి తామే ఓటువేయవలసిన పరిస్థితిలో ఏ సభ్యుడైనా చేసే పనే అది.

వేల్స్ 2003లో క్లబ్బులను కలిపి ఐదు ప్రాంతీయజట్లను చేసింది. ఏడాదికే ఒకటి రద్దయి నాలుగు మిగిలాయి. కలిసిన క్లబ్బుల అభిమానులు కొత్తజట్టును తమదిగా భావించలేదన్న ఫిర్యాదు రెండు దశాబ్దాలుగా వినబడుతూనే ఉన్నది. 2025 ఏప్రిల్‌లో దివాలాకు చేరిన కార్డిఫ్‌ను జాతీయసంఘమే తీసుకోవలసివచ్చింది. అదే ఏడాది జట్లను మొదట రెండుకు, తరువాత మూడుకు తగ్గించే ప్రతిపాదనలు వచ్చాయి. ఐర్లండ్ ప్రాంతాలకు శతాబ్దాల గుర్తింపున్నది. వేల్స్ ప్రాంతాలు కార్యాలయంలో గీసిన గీతలు.

7. ఆస్ట్రేలియా ముందున్న లెక్క

ఐర్లండ్‌కు శిక్షణనిచ్చి విజయాలు తెచ్చిన జో ష్మిట్ 2024 నుంచి ఆస్ట్రేలియా శిక్షకుడయ్యాడు. ఐర్లండ్ వ్యవస్థను పదేళ్లు నిర్వహించిన డేవిడ్ నుసిఫోరా ఆస్ట్రేలియావాసి, అంతకుముందు ఆస్ట్రేలియా సంఘంలోనే పనిచేసినవాడు. మనుషులు, పద్ధతులు ఒక దేశంనుంచి మరో దేశానికి తేలికగా ప్రయాణం చేయగలవు. రాష్ట్రసంఘాల ఆస్తిహక్కు, ఓటుహక్కు అలా కదలవు. వాటిని కదిలించాలంటే కేంద్రం ముందుగా డబ్బు చూపాలి.

ఆ డబ్బు వచ్చే మార్గాలు ఆస్ట్రేలియాకు ఈ దశాబ్దంలో ఉన్నాయి. 2025లో బ్రిటిష్–ఐరిష్ లయన్స్ పర్యటన ముగిసింది. 2027లో పురుషుల ప్రపంచకప్, 2029లో మహిళల ప్రపంచకప్ అక్కడే జరుగుతాయి. 2003 ప్రపంచకప్ తెచ్చిన మిగులు తరువాతి సంవత్సరాలలో ఆటకు పునాదిగా మిగలకుండా కరిగిపోయిందన్న విమర్శ రాష్ట్రసంఘాల జ్ఞాపకంలో ఇంకా తాజాగా ఉన్నది. అందుకే ఈసారి మిగులును ఎవరు పంచాలన్న ప్రశ్నను అవి జట్ల యాజమాన్యపు చర్చతో ముడిపెడుతున్నాయి.

2025 జూలై 26న మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలో లయన్స్‌తో జరిగిన రెండవ టెస్టుకు 90,307మంది వచ్చారు. అప్పటికి ఆ నగరపు పురుషుల వృత్తిజట్టు మూతపడి ఏడాది దాటింది. 2027 ప్రపంచకప్ వేదికల పట్టికలో మెల్‌బోర్న్ ఉన్నది.